మా పెద్దబాపు అల్లిన టోపీలు

పోయిన చలికాలం నల్లగొండలో రోడ్డు పక్కన స్వెటర్లు గుట్టలుగా పోసి అమ్ముతుంటే మనవడికి ఒకటి చూద్దామని ఆగాను. ఆ గుట్టల వెనక స్టూలు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. బేరాలన్నీ భార్యకు వదిలేసి, తను మాత్రం తల వంచుకుని పసిపిల్లల టోపీ ఒకటి అల్లుకుంటున్నాడు. నా పక్కన నిలబడ్డ ఇద్దరు కాలేజీ పిల్లలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

"చూడే, మగాయన అల్లుతుండు!"

నాకు ఎక్కడలేని హుషారు పుట్టుకొచ్చింది. "అల్లితే ఏమైందమ్మా? మా పెద్దబాపు గొర్ల వెంట నడుచుకుంటనే అల్లేటోడు. సైకిల్ పుల్లలతోని!" అన్నాను, అవసరమైన దానికంటే గట్టిగా. వాళ్లు నన్నూ నా తెల్లజుట్టునూ ఒకసారి చూసి, నవ్వు ఆపుకుంటూ వెళ్లిపోయారు. స్వెటర్లాయన మాత్రం తలెత్తి చూశాడు. ఆయనకు తెలుగు రాదనుకుంటాను. ఆ పిల్లలకు చెప్పాలనుకున్నదంతా నా నాలుక మీదే ఉండిపోయింది.

పెద్దబాపు అంటే మా బాపుకు, మా నాన్నకు, అన్న. అచ్చంపేటకు ఇవతల, నల్లమల ఇంకా మొదలుకాని రాతిగుట్టల మధ్య మా ఊరు. గొర్ల మందే మా ఆస్తి. మాలాంటి వాళ్లు దొర ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా పొట్టేళ్లను ఊరికే తోలివ్వాలి. దొర బిడ్డ పెండ్లికి తోలుమన్నప్పుడు మా పెద్దబాపు దొర ఉండే గడీ ముందరికి పోయి, "బిడ్డ మీది, పెండ్లి మీది, పొట్టేలు నాది. ఎట్ల కుదురుతది దొరా?" అని అడిగాడట. అడిగి ఊరుకోక నవ్వాడట. ఆ నవ్వుకే జైలుకు పంపారని మా అవ్వ చెప్పేది. ఊళ్లో దొరకు ఎదురుతిరిగిన సంఘం పెట్టినవాళ్లలో ఆయన ఉన్నాడన్నది కూడా ఒక కారణం. కానీ అవ్వ లెక్కలో నవ్వే పెద్ద నేరం.

ఆయన జైలుకు పోయేనాటికి ఇద్దరు మగపిల్లలు, చంకలో ఒక పసిగుడ్డు. ఆ మరుసటి ఎండాకాలం పెద్దమ్మ జ్వరంతో పోయింది. ఆయనకు ఆ కబురు ఎప్పుడు అందిందో, అందినప్పుడు ఏం చేశాడో మాకెవరికీ తెలియదు. ఎన్నడూ చెప్పలేదు. పిల్లలను మా అమ్మ తన పిల్లలతో పాటు పెంచింది. తన పిల్లలంటే నేనొక్కదాన్నే. పసిగుడ్డు మా అమ్మ కొంగు పట్టుకునే నడక నేర్చింది, మా అమ్మనే "అమ్మా" అంది, మా బాపునే "బాపూ" అంది.

పోలీసు యాక్షన్ అయిపోయి, దొరలూ రజాకార్లూ ఎక్కడివాళ్లక్కడ మాయమై, ఊరు ఊపిరి పీల్చుకుంటున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన వచ్చాడు. వాన వెలిసింది. వాకిట్లో బురద. ఎముకల గూడులాంటి మనిషి, బొడ్డు దాకా గడ్డం, భుజాన ఒక గుడ్డసంచి. "ఓ అవ్వా! జొన్నరొట్టె ఉన్నదానే?" అని గడప అవతలి నుంచే కేక. ఆ కేక విని అవ్వ చేతిలో కదురు కింద పడిపోయింది. మగపిల్లలిద్దరూ ఉరికారు, నేనూ ఉరికాను. నవ్వులు, ఏడుపులు, కుక్కల అరుపులు. ఇంటి నిండా ఒకటే గోల.

చిన్నది మాత్రం మా అమ్మ చీర కుచ్చెళ్లలో దూరి అడిగింది: "అమ్మా, గా గడ్డపాయన ఎవరే?"

గోల ఆగిపోయింది. పెద్దబాపు బురదలోనే గొంతుక్కూర్చుని చేయి చాపాడు. చిన్నది ఊరు ఎగిరిపోయేలా కేకపెట్టింది. ఆయన చేయి వెనక్కు తీసుకుని, మోకాలికి రుద్దుకుని, నవ్వాడు.

"మంచిగైంది. కొత్తోళ్లను నమ్మద్దు. తెలివిగల్ల పిల్ల!"

మెచ్చుకోలుగానే అన్నాడు. నవ్వు మాత్రం కళ్ల దాకా పోలేదని నాకు కూడా తెలిసింది. అప్పుడు నాకు పదేళ్లుంటాయేమో.

ఆయన సంచిలో ఏముందోనని మేమంతా చూశాం. ఒక చెంబు, ఒక పంచె, నల్ల ఉన్నితో సగం అల్లిన చిన్న గుండ్రటి ముక్క. దాన్ని పట్టుకుని ఆయన చెప్పిన తీరు చూడాలి. జైలు కథంటే లాఠీలు, సంకెళ్లు వినిపిస్తాయని ఊరి మగవాళ్లంతా మా వాకిట్లో చేరారు. ఆయన చెప్పిందల్లా తన గదిలో ఉన్న ముసలి ఉస్తాద్ గురించి. ఎక్కడో ఢిల్లీ అవతలి మనిషట. ఏం నేరం చేశాడో ఆయనా చెప్పలేదు, ఈయనా అడగలేదు. రెండు వెదురు పుల్లలతో మనవళ్లకు టోపీలు అల్లుతూ కూర్చునేవాడట.

"కుట్లు రెండే, మాటలు రెండే. సీదా ఒకటి, ఉల్టా ఒకటి. గంతే! గా రెండు మాటలతోని ఏమన్న అల్లొచ్చు. టోపీ, మఫ్లర్, కాళ్లకు తొడుగు. నేనైతే ఆగం ఆగమైన. గిది మన బొచ్చే గదా! పుట్టిన కాడికెల్లి గొర్ల ఎనక తిరుగుతున్న గని, బొచ్చుతోని గొంగడి తప్ప ఇంకోటి అయితదని నాకు తెల్వనే తెల్వదు!"

మా అవ్వ చెంపకు చేయి పెట్టుకుంది. "దేశం తిరగబడుతుంటే జైల్ల కూసోని టోపీలు అల్లుడు నేర్చినవారా కొడుకా?"

"పిల్లలు యాదికొస్తే చేతులు ఊకుండలే అవ్వా," అన్నాడు ఆయన.

మూడో రోజే అచ్చంపేటకు పోయి, సైకిళ్లు బాగుచేసే అతని దగ్గర పాత చక్రం పుల్లలు రెండు అడిగి తెచ్చుకున్నాడు. మా వాకిట్లో బట్టలుతికే బండ మీద వాటి కొనలు నునుపుగా వచ్చేదాకా అరగదీశాడు. ఆ గీకుడు చప్పుడుకు పళ్లు జివ్వుమంటున్నా మేం చుట్టూ కూర్చునే ఉన్నాం. "అయిపాయె! అయిపాయె!" అనేవాడు అస్తమానం. ఇంకా మొదలుపెట్టకముందే అయిపాయె అనేవాడు. ఆ మాట విని మేం లేచి గంతులేసేవాళ్లం. మళ్లీ కూర్చునేవాళ్లం.

ఇంక మొదలైంది సంబరం. అవ్వ వడికేది గొంగడికి పనికొచ్చే దొడ్డు నూలు. "జర సన్నగ తియ్యవే అవ్వా!" అని ఆయన, "నీ టోపీలకు నా కండ్లు పోవాల్నా?" అని అవ్వ. అంటూనే సన్నగా తీసేది. ఆయన పుల్లలు రెండూ నడుముకు దోపుకుని, నూలుండ భుజం మీది సంచిలో వేసుకుని బయల్దేరి, గొర్ల వెంట నడుస్తూ అల్లేవాడు. పెదాలు కదులుతూనే ఉండేవి: "సీదా, సీదా, ఉల్టా... హేయ్, అటు పోకు! ... ఉల్టా." మధ్యలో తిట్టు పొట్టేలుకో కుట్టుకో తెలిసేది కాదు. ఎదురైన వాళ్లు "యాడికిరా?" అంటే, వరుస చివరికొచ్చే దాకా బదులు చెప్పకుండా వేలెత్తి ఆపేవాడు. పటేలు వచ్చినా అంతే.

మొదటి టోపీ పెద్దోడికి. అది ముక్కు దాకా జారింది. వాడు దాన్ని తీయనన్నాడు. గోడకు గుద్దుకున్నా తీయలేదు. రెండోది నడిపోడికి. ఈసారి అతిజాగ్రత్తకు పోయి ఎంత చిన్నగా అల్లాడంటే అది వాడి పిడికిలికి సరిపోయింది. వాడు బోరుమన్నాడు. పెద్దబాపు ఒక నిమిషం తల గోక్కుని, దొడ్లోకి ఉరికి, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లకు దాన్ని తొడిగాడు. చెవులు రెండూ బయటికి లాగాడు. ఆ టోపీ పెట్టుకున్న గొర్రెపిల్లను చూడ్డానికి నాలుగు వాడల పిల్లలు వచ్చారు. నడిపోడు ఏడుపు మర్చిపోయి, "గిది మా బాపు అల్లిండు" అని అందరికీ చూపించుకున్నాడు.

తర్వాత చేయి కుదిరింది. చెవులు కప్పే టోపీలు, మెడకు చుట్టుకునే పట్టీలు, నాకొక మఫ్లర్. నలుపే, కానీ అంచుకు పసుపులో ముంచిన నూలు రెండు వరుసలు. అది మెడకు గరగర గుచ్చుకునేది. మెడంతా ఎర్రబడినా నేను తీసేదాన్ని కాదు. ఒకసారి మగపిల్లలకు కాలి తొడుగులు అల్లాడు. చెప్పులే లేని ఊళ్లో కాలి తొడుగులు! వాటితో చేను దాటి వచ్చేసరికి పల్లేరుగాయలూ ఉత్తరేణి గింజలూ అంటుకుని కాళ్లు ముళ్లపందుల్లా తయారయ్యాయి. ఊడబెరకడానికి మా అమ్మకు పొద్దు గూకింది. "బావా, కాళ్లను ఇడిచిపెట్టు. తలకాయల కాడనే ఉండు," అంది అమ్మ. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు.

ఇంత గోలలోనూ చిన్నది దగ్గరికి రాలేదు. ద్వారబంధం పట్టుకుని ఒక కన్నుతో చూసేది. ఆయన అటు తిరిగితే కన్ను మాయమయ్యేది. తలకు కొలత తీద్దామని దారం పట్టుకుని పోతే, "అమ్మా! గడ్డపాయన!" అని పారిపోయేది. ఆయన బలవంతం చేయలేదు. చేయవద్దని మా బాపుతో కూడా చెప్పాడు. "గొర్రెపిల్లను ఎత్కపోతే తల్లి ఎనక వస్తది. తల్లిని గుంజితే పిల్ల భయపడ్తది. దాని దారిల దాన్ని రానియ్యి."

ఒక పొద్దున మా అమ్మ పాదు మీది సొరకాయలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూస్తోంది. పప్పులోకి లేతదాని కోసమనుకున్నాను. కాదు. ఒక గుండ్రటి కాయను రెండు అరచేతుల్లో పట్టుకుని, కళ్లు మూసుకుని, అటూ ఇటూ తిప్పింది. తెంపి తెచ్చి పెద్దబాపు ముందు పెట్టింది.

"గింతుంటది బావా, దాని తల. రోజూ దువ్వేటిదాన్ని, నా చేతులకు తెల్సు."

ఆయన కాయను రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. "గింత పెరిగిందా అమ్మా?" అన్నాడు. మా అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

చిన్నదాని టోపీకి ఆయన వేసిన ప్రణాళిక దొరల పెండ్లికి కూడా వేసి ఉండరు. గొర్రెపిల్లల తొలి బొచ్చు మెత్తగా ఉంటుంది, అదే కావాలన్నాడు. అందులోనూ తెల్లది కావాలన్నాడు. మా మందంతా కారునలుపు. ఒకటి రెండు పిల్లలకే తెల్ల మచ్చలు. ఆ మచ్చల దగ్గరే కత్తిరించి, గుప్పెడు గుప్పెడు కూడబెట్టాడు. మాఘం పోయి ఫాల్గుణం వచ్చింది. గుట్టల మీద మోదుగలు విచ్చుకున్నాయి. ఆకు లేని చెట్ల నిండా నిప్పు అంటుకున్నట్టు పూలు. మేమంతా ఒళ్లో ఏరుకొచ్చాం. పెద్ద కుండలో పూలూ నీళ్లూ పోసి పొయ్యి మీద పెడితే, నీళ్లు పచ్చగా, నారింజగా, ఇంకా ముదురుగా మారుతుంటే, పెద్దబాపు కుండ చుట్టూ చిన్నపిల్లాడిలా తిరిగాడు. "వస్తుంది! రంగు వస్తుంది! ఊదుండ్రి, ఊదుండ్రి!" పొగకు కళ్లు మండినా మేమంతా ఊదాం.

ఆ నూలు తీసి దండెం మీద ఆరవేసినప్పుడు వాకిలంతా వెలిగింది. చిన్నది ద్వారబంధం వదిలి బయటికొచ్చింది. దండెం కింద నిలబడి తల పైకెత్తింది. ఒక బొట్టు దాని ముక్కు మీద పడింది. తుడుచుకోలేదు.

"గిదెవరిది?" అంది, ఎవరినీ చూడకుండా.

"నీదే," అన్నాడు పెద్దబాపు, ఆయన కూడా దాన్ని చూడకుండా.

"నాకొద్దు." లోపలికి పోయింది.

కానీ మరునాటి నుంచి ఆయన అల్లుతుంటే వచ్చి కూర్చునేది, రెండు బారల దూరంలో. రోజుకింత దగ్గరికి జరిగేది. సొరకాయ మీద పట్టీ పెరుగుతుంటే దాని కళ్లు పెరిగేవి. పుల్లల ఆటంతా దానికి నోటికొచ్చేసింది. "ఇప్పుడు ఉల్టా," అనేది మెల్లగా, సొరకాయతో చెప్తున్నట్టు. పుల్ల చివర నుంచి కుట్లు జారితే ఊపిరి బిగబట్టేది. ఆయన వాటిని మళ్లీ పట్టుకుంటే ఊపిరి వదిలేది. బాపూ అని మాత్రం పిలవలేదు. ఏమనీ పిలవలేదు. "ఇంకెప్పుడు అయితది?" అని గాలిలోకి అడిగేది.

ఊరి గాలి అప్పటికే మళ్లీ చెడింది. మాయమైన దొర మిలిటరీ వెంట తిరిగొచ్చాడు. సంఘం వాళ్లలో కొందరు అమ్రాబాద్ అడవుల్లోకి పోయారు. వాళ్ల కోసం మిలిటరీ ఊరూరూ గాలిస్తోంది. ఏ ఊరి మగవాళ్లను లారీల్లో ఎక్కించారో, ఎవరు తిరిగి రాలేదో రోజుకొక కబురు. మా బాపు చాలాసార్లు అన్నాడు, "అన్నా, జర కొన్నొద్దులు ఎటన్న పోరాదే" అని.

"ఒక్కపారి పోయొస్తేనే పిల్ల నన్ను మర్సిపాయె. మల్ల పోవుమంటవా?" అన్నాడు పెద్దబాపు.

ఒక పొద్దున, ఇంకా సద్ది కూడా తినలేదు, లారీలు వచ్చాయి. ఊరి చుట్టూ సిపాయిలు. మగవాళ్లంతా కల్లంలోకి రావాలని, ఆడవాళ్లు పిల్లలతో ఒక పక్కన నిలబడాలని డప్పు కొట్టించారు. పెద్దబాపు అప్పుడు వాకిట్లో అల్లుతున్నాడు. సొరకాయ మీద టోపీ నెత్తి దాకా వచ్చింది, ఇంక కొన్ని వరుసలే. దాన్ని సొరకాయ నుంచి ఊడదీసి, పుల్లలతో సహా పంచె కట్టులో దోపుకున్నాడు.

కల్లంలో మగవాళ్లందరినీ వరుసగా నిలబెట్టారు. పెద్దబాపు పక్కనే మా బాపు. ఇళ్లన్నీ వెతుకుతున్నారు, కుండలు పగిలిన చప్పుళ్లు వినబడుతున్నాయి. దొర మనిషి ఒకడు ఆఫీసరు వెనకే నడుస్తూ ఒక్కొక్కరినీ చూపిస్తున్నాడు. పెద్దబాపు దగ్గర ఆగాడు.

"సంఘపోడు సాబ్. జైలుకు పోయొచ్చిండు."

ఒక సిపాయి ఆయన నడుము తడిమి, ఒక్కసారిగా కేకేసి వెనక్కు గెంతాడు. చేతిలో మొన తేలిన ఉక్కు పుల్ల. నాలుగు తుపాకులు ఆయన మీదికి తిరిగాయి.

"యే క్యా హై?" అన్నాడు ఆఫీసరు.

"టోపీ, సాబ్," అన్నాడు పెద్దబాపు, జైల్లో నేర్చిన ఉర్దూలో. "నా బిడ్డకు టోపీ అల్లుతున్న."

ఆఫీసరు నమ్మలేదు. గడ్డం, చినిగిన పంచె, నడుములో ఉక్కు పుల్లలు, అల్లికట. దొర మనిషి ఇకిలించాడు. "మగోడు టోపీలు అల్లుడేంది సాబ్? అబద్ధం!" ఆఫీసరు వెంట వచ్చిన తెలుగు పోలీసు మా ఆడవాళ్ల వైపు తిరిగాడు.

"ఈయన బిడ్డ ఎవరు? ముందల్కి రా."

మగపిల్లలను చూపిస్తే సరిపోదు, బిడ్డకు అన్నాడు ఆయన, బిడ్డంటే మా దగ్గర ఆడపిల్లే. మా అమ్మ చేయి చిన్నదాని భుజం మీద బిగుసుకుపోయింది. ఈ పిల్లను అడిగితే ఏం చెబుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. గడ్డపాయన అంటుంది. మా బాపును చూపించి గాయన మా బాపు అంటుంది. ఆ ఒక్క మాటకు పెద్దబాపు అబద్ధాలకోరు అవుతాడు, లారీ ఎక్కుతాడు. పెద్దబాపు మా వైపు చూడనే లేదు. దాన్ని భయపెట్టకూడదని నేలను చూస్తున్నాడు.

అంతలో ఆ సిపాయి టోపీని కూడా బయటికి తీసి, ఇందులో ఇంకేం దాచాడోనని, రెండో పుల్లను టోపీలో నుంచి సర్రున లాగాడు.

"గుంజకూ!"

కల్లం అంతా అదిరింది. మా అమ్మ చేయి విదిలించుకుని చిన్నది బాణంలా ఉరికింది. తుపాకుల మధ్య నుంచి, బూట్ల మధ్య నుంచి పోయి, సిపాయి చేతిలోని టోపీని రెండు చేతులా పట్టుకుంది.

"గుంజకు! కుట్లు జారిపోతున్నయ్! మొత్తం ఊడిపోతది! ఇయ్యి! మా బాపు అల్లుతుండు, నాకు!"

సిపాయికి భాష రాకపోయినా చేయి దానంతట అదే వదిలింది. తెలుగు పోలీసు వంగి అడిగాడు: "మీ బాపు ఎవరు పిల్లా? చూపియ్యి."

చిన్నది తలెత్తింది. ఎదురుగా ఇద్దరు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బాపూ అని పిలిచిన మనిషి ఒకరు, గడ్డపాయన ఒకరు. నేను చూస్తుండగానే మా బాపు, ఎవరూ చెప్పకుండానే, ఒక అడుగు వెనక్కు వేశాడు. తల పక్కకు తిప్పుకున్నాడు.

చిన్నదానికి ఆ సాయం అక్కర్లేదు. అది మా బాపును చూడనే లేదు. టోపీని పెద్దబాపు పొట్టకు అదిమి, "బాపూ, జల్ది వట్టుకో! జారుతున్నయ్!" అంది.

ఆయన నేల మీద చతికిలబడ్డాడు. ఆఫీసరు ఏమీ అనకుండా పుల్లలు రెండూ తెప్పించి ఆయన ముందు పడేయించాడు. "బనావ్," అన్నాడు. అల్లి చూపించు అని. పెద్దబాపు జారిన కుట్లను ఒక్కొక్కటే పుల్లకు ఎక్కించుకున్నాడు. చిన్నది ఆయన మోకాలి మీద మోచేయి ఆనించి, ముఖం టోపీలో పెట్టి, "గీడ ఒకటి ఉన్నది. గిది గూడ. ఇప్పుడు సీదా," అంటూ అజమాయిషీ చేసింది. తుపాకీ పట్టుకున్న సిపాయి ఒకడు, ఎక్కడో కొండల వాడేమో, చిన్న కళ్లు, మెడ సాచి చూసి చూసి, ఆగలేక వంగి ఒక జారిన కుట్టును వేలితో చూపించాడు. "అచ్ఛా అచ్ఛా," అంటూ పెద్దబాపు దాన్నీ పట్టుకున్నాడు. రెండు వరుసలు అయ్యేసరికి ఆఫీసరు దొర మనిషిని ఒక చూపు చూసి, తర్వాతి మనిషి దగ్గరికి నడిచాడు.

ఆ రోజు మా ఊరి నుంచి ఒక లారీ నిండా మనుషులను తీసుకుపోయారు. కొందరు నెలల తర్వాత వచ్చారు, ఇద్దరు రానే లేదు. పక్క ఇళ్లలో ఏడుపులు వినబడుతుంటే మా ఇంట్లో నవ్వడానికి భయపడ్డాం. అయినా నవ్వు ఆగలేదు. తలుపులు వేసుకుని, కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం, అవ్వతో సహా. "గుంజకూ అన్నదే! తుపాకీ పట్టుకున్నోన్ని!" అని పెద్దోడు గుసగుసగా మళ్లీ మళ్లీ చెప్పాడు. పొద్దుగూకేలోపే టోపీ అయిపోయింది. నెత్తిన మోదుగరంగు కుచ్చు. అది చిన్నదాని తలకు పుట్టుకతో వచ్చినట్టు అతికింది.

తెల్లారి పెద్దబాపు గొర్లను తోలుకుని బయల్దేరితే, చిన్నది సద్దిగిన్నె మూత పట్టుకుని వెనకే దిగింది. ఎవరూ పిలవలేదు. ఆయన చూపుడువేలు పట్టుకుంది. ఫాల్గుణం ఎండ అప్పుడే చుర్రుమంటోంది. నుదుటి మీద చెమట కారుతున్నా టోపీ తీయలేదు.

"టోపీ తియ్యి బిడ్డా, ఉడికిపోతవ్!" అని మా అమ్మ గడపలో నుంచి కేకేసింది.

"తియ్య!" అంది చిన్నది, వెనక్కు తిరగకుండానే. ఎదురొచ్చిన ప్రతి మనిషినీ ఆపి, "మా బాపు అల్లిండు. మా బాపు," అని చెబుతోంది. పెద్దబాపు ప్రతిసారీ ఆగి, అది చెప్పడం అయ్యేదాకా నిలబడి, మళ్లీ నడుస్తున్నాడు. అలా ఆగుతూ ఆగుతూ గుట్ట మలుపు దాటడానికి వాళ్లకు చాలాసేపు పట్టింది. మంద ఎప్పుడో ముందుకు పోయింది.

మా అమ్మ ఆ మలుపు వైపే చూస్తూ నిలబడింది. చిన్నదాని తల దువ్వుదామని తెచ్చిన దువ్వెన ఇంకా చేతిలోనే ఉంది. కాసేపటికి నన్ను పిలిచి ముందు కూర్చోబెట్టుకుని జడ వేసింది. అయిపోయాక విప్పి, మళ్లీ మొదటి నుంచి వేసింది. నేను కదలకుండా కూర్చున్నాను.